రెండుసార్లూ బాత్‌రూంలోనే

డిసెంబరు రెండో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు లలితకుమారి వంటింట్లో పెసరట్టు తిరగేస్తుండగా, కొడుకు గదిలోని బాత్‌రూంలో మగ్గు కింద పడ్డ చప్పుడైంది. వెంటనే ఇంకేదో బరువైనది కూలినట్టయింది. షవర్ చప్పుడు మాత్రం ఆగలేదు.

"అమలా!" అని పిలిచింది. పలుకు లేదు. స్టవ్ ఆపి వెళ్లి తలుపు కొట్టింది. మళ్లీ కొట్టింది. బాల్కనీలో ఫోన్ చూసుకుంటున్న రవితేజ పరుగున వచ్చి మూడు తన్నులు తన్నితే గడియ మేకులతో సహా ఊడి వచ్చింది.

లోపలంతా ఆవిరి. కమోడ్‌కీ గోడకీ మధ్య అమల పక్కకు ఒరిగి పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి కాని ఎవరినీ చూడటం లేదు. చేతులు బిగుసుకుపోయి చిన్నగా కొట్టుకుంటున్నాయి. లలితకుమారి కుళాయి కట్టేసి, చేతికందిన నైటీ కోడలి మీద కప్పింది. తల్లీ కొడుకూ చెరోపక్కా పట్టుకుని మంచం మీదికి చేర్చారు. అలికిడికి పై అంతస్తు ఇందిరాదేవి దిగి వచ్చి, తన తాళాల గుత్తి అమల గుప్పిట్లో కుక్కింది.

"ఫిట్సండీ ఇవి. మా మరిది కూతురికి అచ్చం ఇలాగే వచ్చేవి," అంది.

పది నిమిషాలకు అమలకు తెలివి వచ్చింది. వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందంటూ గోడవైపు తిరిగి పడుకుంది. తనకేమైందో తనకే తెలియలేదు.

ఎల్‌బీ నగర్‌లో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లారు. తలకు స్కాన్ తీశారు, మర్నాడు ఇంకో పరీక్ష చేశారు. దేంట్లోనూ ఏమీ కనబడలేదు. పడిపోయిన తీరు వింటే ఫిట్స్‌లాగే ఉందని, కొందరికి పరీక్షల్లో తేలదని చెప్పి, డాక్టరు పూటకొకటి చొప్పున మాత్రలు రాశాడు. ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు. బాత్‌రూం గురించి ఆయన అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

అమల ఆ ఇంటికి వచ్చి నాలుగు నెలలే అయింది. లలితకుమారి, భర్త పట్టాభి తెనాలి వైపు నుంచి ఇరవై ఎనిమిదేళ్ల కిందట హైదరాబాదు వచ్చారు. పట్టాభి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో మెడికల్ ఎంట్రన్స్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాడు. చంపాపేట్‌లో మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని పన్నెండేళ్లయింది. ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి విజయవాడ సంబంధం చేశారు. అమల దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది. గలగలా మాట్లాడే పిల్ల కాదు గాని అడిగినదానికి సూటిగా జవాబు చెబుతుంది. ఆ సూటిదనం లలితకుమారికి మొదటి నుంచీ కొంచెం కొరుకుడు పడలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు ఆమె వియ్యపురాలు విజయదుర్గకు ఫోన్ చేసింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. అమ్మాయికి చిన్నప్పుడు ఎప్పుడైనా ఇలా..."

"ఎలా, వదినగారూ?"

"అదే... మూర్ఛలాంటిది."

 విజయదుర్గ నెమ్మదిగా అంది. "మీరు అడుగుతున్నదేమిటో నాకు అర్థమైంది. ఉన్న జబ్బు దాచిపెట్టి పెళ్లి చేసే మనుషులం కాదండీ మేము."

లలితకుమారి ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే, కాఫీ గ్లాసు కడుక్కోవడానికి వచ్చిన అమల గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నదని ముఖమే చెప్పింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త కట్టుబాట్లు మొదలయ్యాయి. అమల స్కూటీ ముట్టుకోకూడదు. స్టవ్ దగ్గర ఒక్కతే నిలబడకూడదు. స్నానానికి వెళితే లోపల గడియ పెట్టకూడదు. ఇవన్నీ డాక్టరు చెప్పిన జాగ్రత్తలే. కాని లలితకుమారి నోటి నుంచి వచ్చేసరికి నేరం చేసినవాళ్లకు వేసిన శిక్షల్లా వినబడేవి. ఆమెకూ ఆ సంగతి తెలుసు. తెలిసినా గొంతు మార్చుకోలేకపోయింది. మోసపోయామన్న అనుమానం ఒకసారి మనసులో దూరాక, పిల్ల ఏం చేసినా అందులోంచే కనబడసాగింది. తలనొప్పి అని కూర్చుంటే, పాతదే ఏదో బయటపడుతోంది అనుకునేది.

జనవరి మూడో ఆదివారం అమల మళ్లీ పడిపోయింది. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. అయినా తలస్నానం చేస్తూ చేస్తూ, బయటికి రాబోయి బాత్‌రూం గుమ్మంలోనే కూలబడింది. ఈసారి నుదురు గడపకు తగిలి చిట్లింది. డాక్టరు మాత్రల మోతాదు పెంచాడు.

పెరిగిన మోతాదుకు పిల్ల తూగుతూ తిరిగేది. ఒకరోజు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగకుండా నిద్రపోయి మలక్‌పేట దాకా వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అత్తగారి పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తూ అడిగింది.

"అత్తయ్యా, రెండుసార్లూ బాత్‌రూంలోనే ఎందుకు వచ్చింది? ఆఫీసులో ఎందుకు రాలేదు? మెట్రోలో ఎందుకు రాలేదు?"

"వేడినీళ్లు నెత్తిన పోసుకుంటే కొందరికి వస్తుందట. ఇందిరాదేవిగారు చెప్పారు."

"మరి పెళ్లికి ముందు ఇరవై ఆరేళ్లూ నేను చన్నీళ్లే పోసుకున్నానా?"

లలితకుమారికి ఆ మాట పొగరుగా తోచింది. చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లేచిపోయింది.

ఆ వారమే విజయదుర్గ వచ్చి కూతుర్ని తీసుకెళ్లింది. కొన్నాళ్లు విశ్రాంతి అన్నది పైకి చెప్పిన మాట. రవితేజ వాళ్లను ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సు ఎక్కించి ఇంటికొచ్చి, తల్లి అన్నం పెడితే ఆకలి లేదన్నాడు. ఆ తర్వాత రోజుల్లో కూడా అవసరమైన మాటలే మాట్లాడాడు. అమల మాత్రం విజయవాడలో రోజూ వేడినీళ్లే పోసుకుంటోందని, ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదని ఒకరోజు రవితేజ తండ్రికి చెబుతుంటే, లలితకుమారి పక్కగదిలోంచి వింది. విని, మాత్రలు పనిచేస్తున్నాయి కాబోలు అనుకుంది.

ఫిబ్రవరి మొదట్లో పట్టాభి దంపతుల బాత్‌రూంలోని కరెంటు గీజరు పాడైంది. రెండు రోజులు లలితకుమారి స్టవ్ మీద నీళ్లు కాచుకుంది. శనివారం తలంటుకోవాల్సి వచ్చింది. జుట్టు పొడుగు, కాచిన నీళ్లు చాలవు. కొడుకు స్నానం చేసి ఆఫీసుకు వెళ్లాక, వాడి బాత్‌రూంలోకే వెళ్లింది. అక్కడ ఉన్నది గ్యాస్ గీజరు. దీపావళి ఆఫర్‌లో రవితేజ కొన్నాడు. తిప్పగానే మంటొచ్చి క్షణంలో నీళ్లు కాగుతాయి.

కుంకుడురసం పట్టించి, షవర్ తిప్పి, ఆ వేడికి ఒళ్లు తేలికపడుతుంటే హాయిగా నిలబడింది. పావుగంట గడిచిందో లేదో, కణతల్లో ఎవరో సుత్తితో కొట్టడం మొదలుపెట్టినట్టయింది. కుంకుడురసం కంట్లో పడిందేమో అనుకుంది. కాళ్లు తనవి కానట్టు బరువెక్కాయి. బయటికి పోవాలి అన్న ఆలోచన స్పష్టంగానే ఉంది. చెయ్యి మాత్రం లేవలేదు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది, ఆ నాలుగడుగులూ వేయడం ఎలాగో గుర్తురాలేదు. గోడ వెంట తలుపు వైపు ఒరిగి పడుతూ దానికి భుజం తగిలించింది. అంతవరకే ఆమెకు తెలుసు.

అదృష్టం కొద్దీ గడియ పెట్టలేదు. పనిమనిషి యాదలక్ష్మి వచ్చి వీపు రుద్దుతానంటే దగ్గరికి వేసి ఉంచింది. బడంగ్‌పేట్ నుంచి వచ్చే యాదలక్ష్మి అప్పుడే లోపలికి వచ్చి, తలుపు చప్పుడు విని పరుగెత్తింది. చీర కుచ్చిళ్లు బొడ్డులో దోపుకుని, లలితకుమారి చంకల కింద చేతులు వేసి, తడిసిన మనిషిని గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీ దాకా ఈడ్చుకొచ్చింది. దుప్పటి కప్పింది. వెళ్లి షవర్ కట్టేసి కిటికీలన్నీ తీసింది.

లలితకుమారి కళ్లు తెరిచేసరికి ఎండ ముఖం మీద పడుతోంది. యాదలక్ష్మి కేకకు కిందినుంచి పరుగెత్తుకొచ్చిన పట్టాభి పక్కన కూర్చుని పేరు పెట్టి పిలుస్తున్నాడు. 

"నాకేమైందండీ?"

జవాబు యాదలక్ష్మి చెప్పింది. "కోడలమ్మకు అయిందే నీకు అయిందమ్మా. రెండోపారి నేను సూసిన గద. కండ్లు గట్లనే తెరిసినవ్, చేతులు గట్లనే కొట్టుకున్నయ్. గా బాత్‌రూంలనే ఏదో ఉన్నది. చిన్నసారు తానం చేసిపోయినంక కడగనీకి పోతే నాకు గూడ తలకాయ నొస్తది, వాంతికొచ్చినట్లయితది."

"ఎప్పటి నుంచే?"

"శాన రోజులాయె. చెప్తే నవ్వుతరని చెప్పలే. ఏదన్న గాలి సోకిందేమో అనుకున్న."

పట్టాభి లేచి ఆ బాత్‌రూం వైపు చూస్తూ నిలబడ్డాడు. 

ఆటోలో తీసుకెళ్లడానికి అన్నిటికంటే దగ్గరున్నది డాక్టర్ కృష్ణకుమారి క్లినిక్. ఆమె ఆ పేటలో ఇరవై ఏళ్లుగా జ్వరాలకూ దగ్గులకూ మందులిస్తున్న మనిషి. నాడి చూస్తూనే అడిగింది.

"స్నానానికి నీళ్లు దేంతో కాగుతాయి?"

"గ్యాస్ గీజరు," అన్నాడు పట్టాభి.

"ఎక్కడ పెట్టారు? లోపలా, బయటా?"

"లోపలే."

"కిటికీ?"

ఈసారి లలితకుమారి చెప్పాల్సి వచ్చింది. కార్తీకమాసం చివర్లో చలి, దోమలు ఎక్కువయ్యాయని ఆమే స్టూలెక్కి, బాత్‌రూం వెంటిలేటర్‌కు థర్మోకోల్ ముక్క కోసి అడ్డుపెట్టి, చుట్టూ టేపు అంటించింది. గాలి సందు కూడా లేకుండా. కొత్త కోడలికి చలి తగలకూడదని.

"మీకు ముందు ఎవరు స్నానం చేశారు?"

"మా అబ్బాయి. వాడెప్పుడూ ఐదు నిమిషాల్లో వచ్చేస్తాడు."

"ఆ వెంటనే మీరు వెళ్లి పావుగంట నిలబడ్డారు. గ్యాస్ మండాలంటే గాలి కావాలమ్మా. మూసిన గదిలో గాలి చాలకపోతే సరిగ్గా మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఊపిరితో లోపలికి పోయి రక్తంలో ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ముందు తలనొప్పి, తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది. లేవాలని తెలుస్తుంది, లేవలేరు. కొందరికి చేతులు కాళ్లు కొట్టుకుంటాయి. చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు." ఆమె ఆగి, "మీ ఇంట్లో ఇలా ఇంకెవరికైనా అయిందా?" అని అడిగింది.

 పట్టాభి తల దించుకుని, "మా కోడలికి. రెండుసార్లు. మాత్రలు వాడుతోంది," అన్నాడు. తనలో తాను అనుకున్నట్టే మళ్లీ అన్నాడు. "ముప్పై ఏళ్లుగా ఆ సమీకరణం బోర్డు మీద రాస్తున్నానండీ. రక్తంలో అది చేసే పని పరీక్షలో తప్పకుండా వస్తుందని పిల్లలకు అండర్‌లైన్ చేసి మరీ చెబుతాను."

కృష్ణకుమారి ఓదార్పు మాటలు చెప్పలేదు. ఆక్సిజన్ పెట్టాలని, రక్తపరీక్ష వెంటనే చేయించాలని చీటీ రాసి అప్పటికప్పుడే ఆస్పత్రికి పంపింది. అక్కడ మధ్యాహ్నం దాకా ముక్కుకూ మూతికీ మాస్కు పెట్టి ఉంచారు. రక్తంలో ఆ వాయువు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉందని రిపోర్టు వచ్చింది. మాస్కు కింద లలితకుమారి కళ్లు మూసుకుని పడుకుంది గాని నిద్రపోలేదు. ఫోన్లో విజయదుర్గ మాట, గుమ్మంలో అమల ముఖం ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. చిట్లిన ఆ పిల్ల నుదుటికి పసుపు అద్దుతూ కూడా తాను మనసులో ఏమనుకుందో గుర్తొచ్చింది.

మర్నాడు గీజరు విప్పడానికి మహేందర్ అనే మెకానిక్ వచ్చాడు. లోపలికి తొంగి చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎవరు పెట్టిండ్రు మేడం గిది?"

"కొన్నచోటు నుంచి ఒకతను వచ్చాడు. పైపు పొడుగైతే ఖర్చన్నాడట."

"గిది బయట గోడకు పెట్టాలె. గిన్నెలు తోమే యుటిలిటీ బాల్కనీల పెట్టి, నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తీస్కోవాలె. బాత్‌రూంల పెడితె పానం మీదికొస్తది. బయట పెట్టినా ఏడాదికోసారి బర్నర్ సాఫ్ చేపియ్యాలె. మంట నీలంగ ఉండాలె. పచ్చగ మండిందంటె బంద్ చేసి మాకు ఫోన్ కొట్టాలె."

గీజరు దించి బయట పెట్టేలోగా లలితకుమారి స్టూలు తెచ్చుకుంది. పట్టాభి తాను ఎక్కుతానన్నా ఒప్పుకోలేదు. టేపు పీకి, థర్మోకోల్ ముక్కలు ముక్కలుగా ఊడదీసి, అద్దాలు కూడా తీయించేసి, దోమలకు జాలీ కొట్టించమంది.

అమలకు ఫోన్లో చెబుతానన్నాడు రవితేజ. "వద్దు. నేను వెళ్తాను," అంది తల్లి.

సోమవారం పొద్దున ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి మధ్యాహ్నానికి విజయవాడ చేరింది. వస్తున్నట్టు ముందుగా చెప్పలేదు. తలుపు తీసిన విజయదుర్గ ఆశ్చర్యపోయినా, మర్యాదగా కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. లలితకుమారి గ్లాసు పట్టుకునే జరిగినదంతా చెప్పింది. ఏదీ దాచలేదు. కిటికీ మూసింది తానేనని కూడా చెప్పింది.

"మీ పిల్లకు జబ్బు లేదు వదినగారూ. ఉన్న లోపం మా ఇంట్లోనే ఉంది. ఆ రోజు నేను ఫోన్లో అడిగినదానికి మీరు నన్ను క్షమించాలి."

విజయదుర్గ కొంగుతో కళ్లొత్తుకుంది. "మీరు బతికి బయటపడ్డారు. ముందు అది చాలు," అంది.

అమల గది గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది. దగ్గరికి రాలేదు.

"అత్తయ్యా, మీరు మా అమ్మను అడిగే ముందు నన్ను అడగాల్సింది. 'నీకు ఏమనిపించింది, పడిపోయే ముందు ఏమైంది' అని ఆ ఇంట్లో ఎవ్వరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. ముందు తలనొప్పి వచ్చింది, కాళ్లు లేవలేదు, బయటికి రావాలని తెలిసినా రాలేకపోయాను. మీరు ఇప్పుడు చెప్పినవన్నీ నాకూ అలాగే అయ్యాయి."

"అవును. అడగలేదు," అంది లలితకుమారి. అంతకుమించి ఏం చెప్పినా సాకులాగే ఉంటుందని ఆమెకు తెలుసు.

అమల వెంటనే బయల్దేరలేదు. ఇంకో పది రోజులుంటానంది. మాత్రలు కిటికీలోంచి విసిరేయాలనుందని నవ్వింది గాని, వాటిని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని కృష్ణకుమారి గట్టిగా చెప్పి పంపిన మాట లలితకుమారి చెబితే తల ఊపింది. తర్వాత ఎల్‌బీ నగర్ ఆస్పత్రిలో ఆ పాత డాక్టరే కాగితాలన్నీ మళ్లీ చూశాడు. గీజరు సంగతి ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. తానూ అడగాల్సిందని ఒప్పుకుని, మాత్రలు వారం వారం తగ్గిస్తూ మాన్పించాడు.

ఫిబ్రవరి చివర్లో అమల తిరిగొచ్చింది. అత్తాకోడళ్ల మధ్య ఒక్కసారిగా ఏదో కరిగిపోయిందని చెప్పడానికి లేదు. కాని లలితకుమారి ఇప్పుడు ఏదైనా తెలియకపోతే ముందు అమలనే అడిగేది. అమల చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో లేచేది కాదు. ఆ సూటి మాట ఇప్పుడూ కొన్నిసార్లు గుచ్చుకునేది. గుచ్చుకున్నా కూర్చునేది.

అపార్ట్‌మెంటులో మొత్తం పన్నెండు ఫ్లాట్లు. వాటిలో ఎన్నింట్లో గ్యాస్ గీజర్లున్నాయో చూద్దామని అడిగింది అమలే. ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరూ తలుపు తలుపూ తట్టారు. తమది కాక నాలుగిళ్లలో ఉన్నాయి, నాలుగూ బాత్‌రూంల లోపలే. రెండిళ్లవాళ్లు విన్న వెంటనే మహేందర్ నంబరు రాసుకున్నారు. ఇందిరాదేవి మాత్రం ఒప్పుకోలేదు.

"మాకు ఆరేళ్లుగా ఉంది. ఏనాడూ ఏమీ కాలేదు."

"మాకూ అయ్యేదాకా ఏమీ కాలేదండీ," అంది అమల. "మీరు పొద్దున్నే స్నానం చేశాక తలనొప్పి అంటుంటారు కదా. ఎండ వల్ల అనుకుంటున్నారు. పొద్దున్నే ఎండేముంది?"

ఇందిరాదేవి ఆలోచనలో పడింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గీజరు మార్చేదాకా ఏం చేయాలని అడిగింది. బకెట్లు ముందే నింపుకుని, గీజరు ఆపేసి, తలుపు కాసేపు తెరిచి ఉంచి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లమంది లలితకుమారి. ఎవరైనా పడిపోతే ముందు తలుపులూ కిటికీలూ తీసి, గ్యాస్ కట్టి, బయటి గాలిలోకి లాక్కొచ్చి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలని చెప్పింది అమల. "చేతిలో ఏమీ పెట్టక్కర్లేదు, నోట్లో అసలే ఏమీ పెట్టకూడదు," అని కూడా చెప్పింది. ఇందిరాదేవి కొంచెం సిగ్గుపడి, "సరేనమ్మా," అంది. ఆ బుధవారమే ఆమె గీజరు యుటిలిటీ గోడకు మారింది.

నాలుగో ఇల్లు కింది అంతస్తులోది. కిరాయికి ఉన్నది నల్లగొండ నుంచి వచ్చిన ఒక జంట. ఆమెకు ఆరో నెల. మార్చాలంటే ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, ఆయన వనస్థలిపురంలో ఉంటాడు. చూద్దాం, చూద్దాం అంటూ వాళ్లను రెండు వారాలు తిప్పాడు. లలితకుమారి ఆ అమ్మాయిని గీజరు వెలిగించవద్దని చెప్పి, తన ఇంట్లోంచి రోజూ వేడినీళ్లు పంపించింది. ఓనరు నంబరు తీసుకుని, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేయసాగింది. పరుషంగా ఏమీ అనేది కాదు. తనకేమైందో, తన కోడలికేమైందో, కడుపుతో ఉన్న పిల్లకు అది జరిగితే ఇద్దరి ప్రాణాలకూ ముప్పని నిదానంగా మొదటి నుంచీ చెప్పేది. ఆరో రోజు ఆయన సగంలోనే ఆపాడు.

"రేపు మనిషిని పంపిస్తానండీ. మీరింక ఫోన్ చేయకండి."

"సంతోషమండీ," అంది లలితకుమారి.

మర్నాడు ఎనిమిదింటికి, ఆ మనిషి బయల్దేరాడో లేదో కనుక్కుందామని మళ్లీ ఫోన్ చేసింది.